బురదలో పడుకుని పక్షుల్ని ఫొటో తీయడానికి ఇంట్లో స్టాండ్ ఎలా చేసుకోవాలి?

ఒడిశాలోని చిలికా సరస్సు ఒడ్డున, మా బరంపురం వాళ్లు వెళ్లే రంభ వైపు బురదలో ట్రైపాడ్ కాళ్లు దిగబడిపోతాయి. నా ఓటు పాత అల్యూమినియం మూకుడుకే. అడుగు మధ్యలో రంధ్రం చేసి 3/8 అంగుళాల బోల్టును కింది నుంచి ఎక్కించండి. పైన నట్టు బిగించి, కెమెరాను ఎటైనా తిప్పుకునేలా పట్టి ఉంచే బాల్ హెడ్‌ను ఆ బోల్టుకు తిప్పి ఎక్కించండి. అంగుళానికి 16 మరలున్న బోల్టే అడగండి, మిల్లీమీటర్ బోల్టు చాలా హెడ్‌లకు పట్టదు. రంధ్రం చుట్టూ ఎం-సీల్ (లీకులు మూసే ముద్ద) పెట్టకపోతే నీళ్లు ఊరతాయి. అడుగు వెడల్పు కాబట్టి మూకుడు దిగబడదు, మోచేత్తో నెడితే మెత్తగా జారుతుంది. లెన్సు పక్షి కంటి ఎత్తుకు వస్తుంది.

పొడి నేలైతే పాత జీన్సు కాలును సంచిలా కుట్టి బియ్యం నింపి, దాని మీద లెన్సు ఆనించినా చాలు.

పక్షి మేత ఆపి తలెత్తిందంటే మాత్రం అక్కడే ఆగిపోండి, అది మళ్లీ ముక్కు దించేదాకా కదలొద్దు.