నిలబడితే బిగుసుకుంటున్న రోబో గ్రిప్పర్

ప్రశ్న: ఒక చెయ్యి పనిచేయనివారు ముంజేతికి తొడుక్కునే రోబో గ్రిప్పర్‌ను (వస్తువులను పట్టుకునే పరికరాన్ని) ఫైనలియర్ ప్రాజెక్టుగా తయారుచేస్తున్నాం. వేలితో నొక్కితే గ్రిప్పర్ మూసుకునేలా, బూటులో కాలి బొటనవేలి కింద ఒత్తిడి సెన్సర్ పెట్టాం. కూర్చుంటే చక్కగా పనిచేస్తోంది కానీ, లేచి నిలబడగానే దానంతటదే బిగుసుకుంటోంది. నడిస్తే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటోంది. ఏం చేయాలి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: సెన్సర్‌లో లోపం లేదు. ఒంటి బరువేదో, కావాలని నొక్కిన నొక్కు ఏదో దానికి తెలియదు, అంతే. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో డాని క్లోడ్ 2017లో రూపొందించిన ‘థర్డ్ థంబ్’ అనే, చేతికి తొడుక్కునే అదనపు బొటనవేలు కూడా మీ పద్ధతిలోనే నడుస్తుంది. కుడికాలి బొటనవేలు నొక్కితే అది అరచేతికి అడ్డంగా, ఎడమకాలిది నొక్కితే వేళ్లవైపు పైకి కదులుతుంది. మోటారు కుట్టుమిషన్ పెడల్‌లాగే ఎంత నొక్కితే అంత కదలిక, వదిలితే యథాస్థానం. 2022లో లండన్‌లోని రాయల్ సొసైటీ సైన్స్ ప్రదర్శనలో దాన్ని ప్రయత్నించిన 596 మందిలో 98 శాతం మంది మొదటి నిమిషంలోనే వస్తువులను కదపగలిగారు కాబట్టి, నేర్చుకోవడం పెద్ద అడ్డంకి కాదు.

తొడుక్కున్న ప్రతిసారీ రెండు మూడు సెకన్లు కదలకుండా నిలబడమని చెప్పి, అప్పటి రీడింగును సున్నాగా తీసుకోండి. పట్టు మొదలయ్యే హద్దును, వదిలే హద్దుకన్నా కాస్త పైన పెడితే గ్రిప్పర్ వణకదు. నడకకు మాత్రం ఇది చాలదు. అడుగు లేపేటప్పుడు బరువు ఎక్కువగా పాదం ముందుభాగం, వేళ్లమీదికి వస్తుంది. అమెరికాలో వైద్య పరికరాలకు అనుమతినిచ్చే ఎఫ్‌డీఏ 2014లో అనుమతించిన, డెకా కంపెనీవారి కృత్రిమ చేతిని, బూటుమీది సెన్సర్లతో పాదం వంపును కొలిచి నడపవచ్చు. మనిషి నడుస్తున్నట్టు గుర్తిస్తే అది కాలి ఆదేశాలను పట్టించుకోదు. మీరూ నడకను గుర్తించడానికి మడమ దగ్గర ఒక యాక్సిలరోమీటర్ (కదలికను కొలిచే సెన్సర్) పెట్టండి. అయితే నడక మొదలవగానే గ్రిప్పర్ తెరుచుకోకూడదు, ఉన్న పట్టులోనే ఆగాలి; లేకపోతే వంటింట్లోంచి వసారాలోకి తెచ్చే టీ గ్లాసు దారిలోనే పడిపోతుంది. వేలు నొక్కిపట్టే ఉంచితే కాసేపటికి పిక్క లాగుతుంది కనుక, రెండుసార్లు తట్టితే పట్టు నిలిచిపోయే ఏర్పాటు కూడా ఉండాలి.

బూటు ఆలోచన మాత్రం నాకు నచ్చలేదు. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం బయటే విడుస్తాం. దాంతోపాటు మీ గ్రిప్పర్ కూడా బయటే ఆగిపోతుంది. మెట్టెలా వేలికి తొడిగే పట్టీలో సెన్సర్‌ను, చెమట తగలకుండా పలుచని రబ్బరు తొడుగులో పెట్టి చూడండి. మధుమేహంవల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి దీన్ని ఇవ్వకండి. ఎంత నొక్కుతున్నారో వారికి తెలియదు, పట్టీ ఒరిసి పుండు పడినా తెలియదు.