తక్కువ జీతంలో అప్పులు తీర్చాలంటే ముందు వడ్డీ లెక్క చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: తిరుపతిలో అద్దె ఇంట్లో ఉంటున్నారు, ఇద్దరి సంపాదన కలిపి నెలకు 32 వేలు. డైలీ ఫైనాన్స్‌లో ఇంకా కట్టాల్సింది 8 వేలు, క్రెడిట్ కార్డులో 62 వేలు, తెలిసినాయన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష, బ్యాంకు పర్సనల్ లోన్‌లో లక్షా 40 వేలు, బావమరిది దగ్గర వడ్డీ లేకుండా 50 వేలు. ఇంటి ఖర్చు ఎంత పిసినారితనంగా చూసుకున్నా అప్పు కదలడం లేదు, ఏది ముందు కట్టాలి అని అడిగారు. మీ ఆవిడకు ఐదారు సవర్ల బంగారం ఉందని, కార్డు సంగతి మాత్రం ఆవిడకు తెలియదని రాశారు.

మాదీ తిరుపతే, కొర్లగుంట. మా ఆయన లాడ్జిలో పని చేస్తారు, నేను చంద్రగిరి వైపు ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా అత్తమ్మ ఆపరేషన్ తర్వాత మాకూ దాదాపు నాలుగు లక్షల అప్పు మిగిలింది. అదీ మీలాగే నాలుగైదు చోట్ల. ఇప్పుడు లేదు. కాబట్టి పుస్తకంలో చదివింది కాకుండా మా ఇంట్లో పనిచేసినదే చెబుతాను.

మీ అప్పు కదలకపోవడానికి కారణం ఇంటి ఖర్చు కాదు. ఒకసారి మీ నెల చూడండి. డైలీ ఫైనాన్స్‌కు రోజుకు 200 చొప్పున 6 వేలు, బ్యాంకు ఈఎంఐ 5,200, కార్డుకు మినిమమ్ డ్యూ 3,100, లక్షకు వడ్డీ 3 వేలు. మొత్తం 17,300. అద్దె 8 వేలు తీసేస్తే నెలంతా తినడానికి, కరెంటుకు, పిల్లల ఖర్చులకు మిగిలేది 6,700. ఇందులో ఎర్రగడ్డలు తగ్గించి, పాలు తగ్గించి మీరు ఇంకో ఐదొందలు మిగిల్చారనుకుందాం. అంతకు పది రెట్లు ప్రతి నెలా వడ్డీగానే బయటికి పోతోంది. అందుకే మొదట పట్టుకోవాల్సింది వడ్డీని.

దీనికి అన్ని అప్పుల్నీ ఒకే కొలతలోకి, అంటే ఏడాదికి ఎంత శాతం అనే లెక్కలోకి మార్చి రాసుకోవాలి. మన ఊళ్లో ఒకరు నూటికి ఇంత అంటారు, ఇంకొకరు రోజుకు ఇంత అంటారు, కార్డువాళ్లు నెలకు మూడున్నర శాతం అంటారు. వినడానికి అన్నీ చిన్నగానే ఉంటాయి. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. కార్డు నెలకు 3.5 శాతం అంటే ఏడాదికి 42, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ కలిస్తే 50 శాతానికి దగ్గర. మీ 62 వేల మీద నెలకు సుమారు 2,550 వడ్డీ, జీఎస్టీకే పోతుంది. మీరు కట్టే 3,100లో అసలుకు చేరేది ఐదారొందలే. పైగా పాత బాకీ ఉన్నంతకాలం ఆ కార్డుతో కొత్తగా ఏం కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. వడ్డీ లేకుండా ఇస్తామనే ఆ 45 రోజుల గడువు మీకు వర్తించదు.

డైలీ ఫైనాన్స్ ఇంకా ఘోరం. 20 వేలు రాసుకుని చేతికి 18 వేలిచ్చి, రోజుకు 200 చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. రెండు వేలే కదా అనిపిస్తుంది. కానీ ఆ 18 వేలూ వంద రోజులు మీ దగ్గర ఉండవు, రోజూ తగ్గుతూ వస్తాయి. లెక్క కడితే ఏడాదికి 78 శాతం దాకా వస్తుంది. అయినా సరే, దాన్ని ముందే తీర్చడానికి తొందరపడవద్దు. వాళ్ల వడ్డీ మొదటి రోజే పట్టుకున్నారు కాబట్టి మిగిలిన 8 వేలు ఈరోజే కట్టినా, 40 రోజుల్లో కట్టినా అవే 8 వేలు. ముందే కడితే ఏమైనా తగ్గిస్తారా అని అడగండి. తగ్గించకపోతే దాని పద్ధతిలో దాన్ని అవనివ్వండి. అసలు ప్రమాదం చివరి వారంలో వస్తుంది. కలెక్షన్ అబ్బాయి నవ్వుతూ ‘అన్నా, బాగా కట్టారు, ఈసారి 30 రాస్తాను’ అంటాడు. అక్కడ వద్దనగలిగితే మీకు నెలకు 6 వేలు ఊపిరి దొరికినట్టే.

ఇక కార్డు 62 వేలు, తెలిసినాయన దగ్గర తెచ్చిన లక్ష. ఈ రెంటికీ కలిపి నెలకు 5,500 దాకా వడ్డీ కడుతున్నారు. ఇదే లక్షా 62 వేలు బ్యాంకులో బంగారం మీద తీసుకుంటే, ఏడాదికి 10 శాతం వేసుకున్నా నెలకు 1,350 వడ్డీ. అంటే నెలకు నాలుగు వేలకు పైగా మిగులు, అదీ మీరు ఒక్క పూట కూర తగ్గించకుండానే. మేము గట్టెక్కింది ఇలాగే. నా గాజులు, నల్లపూసల దండ బ్యాంకులో పెట్టాం. నూటికి మూడు, నూటికి నాలుగు తెచ్చినవన్నీ ఒకే వారంలో తీర్చేశాం.

ఇది రాసినంత సులువు కాదని నాకు తెలుసు. మా ఆడపడుచు కూతురి పెళ్లికి నేను రోల్డ్ గోల్డ్ గాజులతో వెళ్లాను. చూసేవాళ్లకు తెలుస్తుంది, కొందరు అడుగుతారు కూడా. మనసు చివుక్కుమంటుంది. అందుకే మీకు గట్టిగా చెప్పేది ఒకటుంది: ఆ బంగారం మీ ఆవిడది. ఇవ్వాలా వద్దా అన్నది ఆవిడే చెప్పాలి. వాళ్ల పుట్టింటివాళ్లు పెట్టినదైతే ఇంకా జాగ్రత్తగా అడగండి. ఒప్పుకుంటే లోన్ ఆవిడ పేరు మీదే తీయండి. అప్పుడు వస్తువులు విడిపించేటప్పుడు సంతకం ఆవిడది, తీసుకునే చెయ్యీ ఆవిడదే. ఆ ఒక్క ఏర్పాటు వల్ల నాకు ఎంత ధైర్యంగా ఉండిందో మాటల్లో చెప్పలేను. బ్యాంకులు సుమారుగా విలువలో ముప్పావు వంతు అప్పు ఇస్తాయి, ఇప్పటి ధరల్లో ఉన్న బంగారంలో సగం పెట్టినా సరిపోవచ్చు. రాళ్ల బరువు తీసేస్తారు, కూలీ, తరుగు లెక్కలోకి రావు. రసీదులో ఒక్కో వస్తువూ ఒక్కో బరువూ విడిగా రాశారో లేదో అక్కడే చూసుకోండి. వీధి మూలన ఐదు నిమిషాల్లో ఇచ్చే ప్రైవేటు కంపెనీకి వెళ్లేముందు వడ్డీ రేటు రాతపూర్వకంగా అడగండి. నెలనెలా కట్టకపోతే రేటు పెరిగే పద్ధతులు కొన్ని చోట్ల ఉంటాయి. ఏడాది చివర ఒకేసారి కడదామని వదిలేయకుండా ప్రతి నెలా వడ్డీతో పాటు అసలు కూడా కొంత కట్టండి.

బంగారం కుదరకపోతే దారులు లేకపోలేదు. మీ ఆవిడ పొదుపు సంఘంలో ఉంటే సంఘం లోన్ అడగవచ్చు, పట్టణంలో అది మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద నడుస్తుంది. పాత ఎల్ఐసీ పాలసీ ఉంటే సరెండర్ విలువ మీద లోన్ ఇస్తారు. ఇవేవీ లేకపోతే కార్డు బ్యాంకుకే ఫోన్ చేసి బాకీ మొత్తాన్ని ఈఎంఐగా మార్చమనండి. 42 శాతం కన్నా చాలా తక్కువకే వస్తుంది. బ్యాంకు పర్సనల్ లోన్ మీది 14 శాతం అన్నారు, దాని జోలికి ఇప్పుడు వెళ్లకండి. ముందే కడితే చార్జీ కూడా పడవచ్చు. దాని ఈఎంఐ దాని పాటికి నడవనివ్వండి.

అయితే ఇవన్నీ మొదలుపెట్టాలంటే కార్డు సంగతి ఇంట్లో చెప్పక తప్పదు. కోపం వస్తుందని భయం వేయడం సహజం. కానీ ఇంటి ఖర్చు చేతిలో ఉన్న మనిషికి సగం లెక్కే తెలిస్తే ఆ మనిషి ఏం సర్దగలదు? మా ఆయన మొత్తం అప్పు కాగితం మీద రాసి నా ముందు పెట్టిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి మాత్రం ఏం చేయాలన్న ఆలోచనే మిగిలింది. పేరు, అసలు, వడ్డీ, ఎప్పటిలోగా అని నాలుగు గళ్లు గీసి, ఏదీ దాచకుండా, తీర్చే దారి కూడా పక్కనే రాసి చూపించండి. పిల్లలు నిద్రపోయాక, తొందర లేని రోజు చూసుకోండి.

కార్డు బాకీ తీరిన వెంటనే కార్డు మూసేయండి, బ్యాంకు నుంచి నో డ్యూస్ లెటర్ తీసుకోండి. సగానికి సెటిల్ చేస్తామని ఫోన్లు వస్తాయి. అలా చేస్తే మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్ రికార్డులో ‘సెటిల్డ్’ అని పడి రేపు ఇంకో లోన్‌కు అడ్డం వస్తుంది. మొత్తం కట్టి ‘క్లోజ్డ్’ అనిపించుకోవడం మేలు. లక్ష ఇచ్చినాయన దగ్గర ప్రోనోటు, ఖాళీ చెక్కు ఏవైనా ఉంటే డబ్బు చేతిలో పెట్టేటప్పుడే వెనక్కి తీసుకోండి. కొంత కొంత కడితే ప్రతిసారీ నోటు వెనక తేదీతో చెల్లు రాయించుకోండి. తెలిసినాయనే కదా అని మొహమాటపడవద్దు.

ఇప్పుడు ఇంటి ఖర్చు. పెద్దగా చెప్పేదేం లేదు, మీరు ఇప్పటికే చేస్తున్నారు. రేషన్ కార్డు బియ్యం వస్తుంటే అమ్ముకోకుండా దోసెపిండికి, ఇడ్లీకి వాడండి, మా ఇంట్లో అన్నానికి కూడా వాడాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి మీ ఆవిడ ఉద్యోగానికి షేర్ ఆటోలో వెళ్తుంటే అది మిగులుతుంది. తల్లికి వందనం కింద 13 వేలు పడితే స్కూలు ఫీజుకే కట్టేయండి, అప్పులవాళ్లకు ఇచ్చి జూన్‌లో ఫీజుకు మళ్లీ అప్పు చేయకండి.

తిరుపతిలో ఉండేవాళ్లకు మాత్రమే ఉండే ఖర్చు ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ రాయరు. దర్శనానికి వచ్చే బంధువులు. ఎండాకాలం సెలవుల్లో, బ్రహ్మోత్సవాలప్పుడు ఒక కుటుంబం వెళ్లేలోపు ఇంకో కుటుంబం దిగుతుంది. స్వామి దగ్గరికి వచ్చినవాళ్లను రావద్దని ఎలా అంటాం? అనం. కానీ వచ్చిన ప్రతిసారీ ఆటోలు, టిఫిన్లు, మాంసం కూర, వెళ్లేటప్పుడు పిల్లల చేతిలో నోటు, అన్నీ కలిపితే మాకు ఒక నెల ఈఎంఐ అంత అయ్యేది. మేము చేసింది ఏమిటంటే, దగ్గరివాళ్లకు ఫోన్లోనే ఉన్నమాట చెప్పాం. ‘ఇల్లు మీదే, ఇంట్లో వండింది తిందాం, బయటి ఖర్చు మాత్రం ఈ ఏడాది మా వల్ల కాదు’ అని. దూరపువాళ్లకు బస్టాండ్ దగ్గర శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం గురించి చెప్పాం. కొండ మీద ధర్మరథం బస్సులు ఉచితం, వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం ఉచితం. అవి తెలియక మన మీద ఆధారపడేవాళ్లే ఎక్కువ. ఒకరిద్దరు ముఖం ముడుచుకున్నారు. మా పెద్దమ్మ మాత్రం తర్వాతిసారి ఊరి నుంచి చెనిక్కాయలు, రాగిపిండి మూట తెచ్చి వంటింట్లో పెట్టి వెళ్లింది.

సీజన్‌లో వచ్చే పైడబ్బు మీకు ఉంటుందో లేదో తెలియదు. మా ఆయనకు రద్దీ నెలల్లో ఓవర్‌టైమ్ వచ్చేది. అది ఇంట్లోకి రాకముందే బంగారం లోన్ అసలుకు కట్టేవాళ్లం. మీకు డైలీ ఫైనాన్స్ అయిపోయి, కార్డు, లక్ష అప్పులు బంగారం లోన్‌లోకి మారితే నెలకు 10 వేలకు పైగా చేతిలో మిగలాలి. అందులో 7 వేలు లోన్ అసలుకు కడితే రెండేళ్లలోపే వస్తువులు ఇంటికి వస్తాయి. మిగతా మూడు వేలు మొదట్లో కొన్ని నెలలు పక్కన పెట్టండి. ఒక పదివేలు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. అప్పు ఉండగా డబ్బు దాచుకోవడం తప్పనిపిస్తుంది కానీ, పిల్లకు జ్వరం వచ్చిన రాత్రి ఆ పదివేలు లేకపోతే మళ్లీ డైలీ ఫైనాన్స్ అబ్బాయికే ఫోన్ చేస్తారు. లేదా ఫోన్లో లోన్ యాప్ నొక్కుతారు. దయచేసి ఆ పని చేయకండి. మా వీధిలో ఒకమ్మాయి ఫోన్లోని నంబర్లన్నిటికీ ఆ యాప్‌వాళ్లు మెసేజ్‌లు పెట్టి ఏడిపించారు. అలాంటిది జరిగితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

ఏదైనా నెల ఆలస్యమైనా బ్యాంకు తరఫు రికవరీ మనుషులు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు, ఇది రిజర్వు బ్యాంకు నిబంధన. బెదిరిస్తే ముందు బ్యాంకుకు రాసివ్వండి, నెలలోపు తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, వివరాలకు 14448 నంబరు ఉంది.

చివరగా మీ బావమరిది. వడ్డీ లేదు కాబట్టి లెక్క ప్రకారం ఆయనది ఆఖరున తీర్చాలి. కానీ ఆయనకు ఆ మాట మీ నోటితో, ఒక నెలతో సహా తెలియాలి. బంగారం లోన్ తీరిన నెల నుంచి ఇంతింత ఇస్తామని వెళ్లి చెప్పండి. ఈలోగా వాళ్లింట్లో పెళ్లో ఆస్పత్రో వస్తే మాత్రం ఈ వరస పక్కన పెట్టి ఆయనకే ముందు ఇవ్వండి. లక్ష అప్పు ప్రోనోటు ఏ తేదీదో, ఇన్నాళ్లు కట్టిన వడ్డీ దాని వెనక రాయించారో లేదో చెప్పండి. ఆ లెక్క నేను చూసి రాస్తాను.