బొమ్మను బోర్లించి చూశారా?

ఈసారి ప్రశ్నలన్నీ కుక్క జాతుల పింగాణీ బొమ్మలు, కార్డులు, స్టాంపులు ఆన్‌లైన్ వేలాల్లో కొంటున్న చెన్నై పాఠకులవి.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఒక జత స్టాఫర్డ్‌షైర్ (మట్టి బొమ్మల తయారీకి పేరున్న అక్కడి ప్రాంతం) స్పానియల్ జాతి కుక్క బొమ్మలు వేలానికి వచ్చాయి. 19వ శతాబ్దానివని రాశారు. ఫొటో చూసి నిజమో నకలో చెప్పొచ్చా? (పెరంబూర్)

జవాబు: ముందు వైపు ఫొటో ఎంత బాగున్నా ఏమీ తేల్చదు. బొమ్మను బోర్లించి అడుగు భాగం ఫొటో పంపమనండి. విక్టోరియా కాలంలో ఈ కుక్కల్ని చాలావరకు మట్టిని అచ్చులో వేళ్లతో అదిమి చేసేవారు. లోపల చిక్కిన గాలి బట్టీ వేడికి బొమ్మను పగలగొట్టకుండా ఒక చిన్న బెజ్జం వదిలేవారు. అందులో పెన్సిల్ మొన పడితే గొప్ప. తర్వాతి కాలపు నకళ్లకు పల్చటి మట్టి ద్రవాన్ని అచ్చులో పోసి, గట్టిపడని మిగులును బయటికి వంచేస్తారు. అది పోవడానికి దారి కావాలి కనుక అడుగున రూపాయి బిళ్లంత కంత మిగులుతుంది. గోడ పల్చన, బొమ్మ తేలిక. అందుకే తూకం కూడా అడగండి.

మెరుగుపూతలో నెర్రెలు ఉంటే పాతదని మురిసిపోవద్దు. నిజమైన నెర్రెలు ఒకచోట దట్టంగా, ఒకచోట అసలు లేకుండా ఉంటాయి. ఒళ్లంతా ఒకే కొలతలో, టీ మరకలాంటి గోధుమరంగుతో కనిపిస్తే అది కావాలని తెప్పించిన ముసలితనం. మెడలో గొలుసుకు పూసిన బంగారు రంగు చేతులు తగిలే చోట అరిగి ఉండాలి. ఇక జత సంగతి: ఒకటి కుడికి, ఒకటి ఎడమకు, అద్దంలో చూసినట్టు తిరిగి ఉండాలి. రెండూ ఒకే వైపు చూస్తుంటే వేర్వేరు జతల్లో మిగిలిపోయినవాటిని కలిపి అమ్ముతున్నారన్నమాట. వాటికి జత ధర పెట్టకండి.

ప్రశ్న: బ్రిటిష్ పింగాణీ కంపెనీ రాయల్ డౌల్టన్ చేసిన కుక్క బొమ్మ అడుగున ముద్ర మీద అడ్డంగా గీత ఉంది. రవాణాలో పడిన గీతా? (అన్నానగర్)

జవాబు: కాదు. ఫ్యాక్టరీలో నాణ్యత తగ్గిన సరుకని గుర్తుపెట్టడానికి ముద్రను అలా గీకేవారు. మెరుగులో చుక్కో, రంగులో తేడానో ఉండి ఉంటుంది. అల్మరాలో పెట్టుకోవడానికి ఫరవాలేదు, మళ్లీ అమ్మేటప్పుడు మాత్రం మంచి ధర రాదు. ముద్ర పక్కన ‘హెచ్ఎన్’ అక్షరాలతో ఉండే అంకెను చూసుకోండి. జాతి, భంగిమ, సైజు ఆ అంకెతోనే తేలతాయి. అమ్మేవాళ్లు రాసే వర్ణనకన్నా అదే నమ్మకం.

బొమ్మ చేతికి వచ్చాక చెవి కొసలు, తోక, కాలివేళ్ల మీద అతినీలలోహిత టార్చి వేయండి. అతికించి రంగు పూసిన చోటు మిగతా ఒంటికన్నా వేరుగా మెరుస్తుంది. గోటితో తడితే టంగుమనాలి. బొంగురుగా పలికితే ఎక్కడో వెంట్రుకవాసి పగులు ఉంది. పెట్టె తెరిచేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. ఈబేలో సరుకు వర్ణనకు సరిపోలేదని ఫిర్యాదు చేయడానికి సాధారణంగా అందిన నాటి నుంచి 30 రోజులే గడువు.

ప్రశ్న: 40 పౌండ్లకు పాడుకున్న బొమ్మ ఇంటికొచ్చేసరికి రెట్టింపైంది. ఎక్కడ పొరపాటు? (టి.నగర్)

జవాబు: పాట ధరనే ఖర్చనుకోవడంలో. వేలం సంస్థ అయితే కొనేవారి దగ్గర కమీషన్ తీసుకుంటుంది. 25 శాతం అనుకుంటే 10 పౌండ్లు, దానిమీద 20 శాతం వ్యాట్ అంటే ఇంకో 2. మొత్తం 52. ప్యాకింగు, రవాణా 25 పడితే 77. మన దగ్గర సుంకం, ఐజీఎస్టీ (దిగుమతి సరుకు మీద వేసే జీఎస్టీ) లెక్కగట్టేది రవాణా, బీమా కలిపిన విలువ మీదే. కార్డు బ్యాంకు విదేశీ మారకానికి సాధారణంగా 2 నుంచి 3.5 శాతం వేస్తుంది. కాబట్టి లెక్క చివరి నుంచి మొదలుపెట్టి, ఎంత వరకు పాడొచ్చో ముందే తేల్చుకోవాలి.

‘బహుమతి’ అని రాసి పంపమని అమ్మేవారిని అడక్కండి. రాఖీలు, ప్రాణాధార మందులకు తప్ప, బహుమతులకు ఉన్న సుంకం మినహాయింపును 2019 డిసెంబర్‌లోనే తీసేశారు. విలువ తగ్గించి రాయిస్తే, పగిలినప్పుడు పరిహారం కూడా ఆ తగ్గిన విలువకే.

ఈబేలో మీ గరిష్ఠం ఒక్కసారే చెప్పండి. ఎదుటివారిని దాటడానికి ఎంత కావాలో అంతే మీ తరఫున అదే పెంచుతుంది. మీరు 40 అని, అవతలివారు 31 అని పెడితే ధర 32 దగ్గరే ఆగుతుంది. ఇద్దరిదీ సమానమైతే ముందు వేసినవారిదే సరుకు. అందుకే గుండ్రటి అంకె కాకుండా 41.37 లాంటిది వేయడం మేలు. చివరి క్షణాల్లో వేస్తే ఎదుటివారికి పంతం పెంచుకునే వ్యవధి ఉండదు.

ప్రశ్న: పూర్వం సిగరెట్ పెట్టెల్లో వేసిన కుక్క బొమ్మల కార్డుల సెట్‌లో ఏం చూడాలి? మన తేమకు నిలుస్తాయా? (మైలాపూర్)

జవాబు: జాన్ ప్లేయర్ సిగరెట్ కంపెనీ వేసిన సెట్లలో చిత్రకారుడు ఆర్థర్ వార్డిల్ గీసిన బొమ్మలున్న 1929 నాటి తలల సెట్, 1931 నాటి పూర్తి ఆకారాల సెట్ కొత్తవారికి మంచివి. ఒక్కోదానిలో 50 కార్డులు. మరో సిగరెట్ కంపెనీ గాలహర్ వేసిన 1936, 1938 సెట్లలో 48 చొప్పున. మొదటి, చివరి కార్డులు ముందు చూడండి. కట్టకు వేసిన రబ్బరు బ్యాండు కోత వాటికే పడుతుంది. మామూలు కార్డు సుమారు 68 × 36 మిల్లీమీటర్లు. ఒకటి మిగతావాటికన్నా ఇరుకుగా ఉంటే అరిగిన అంచు కత్తిరించారని అర్థం. వెనకవైపు జిగురు మరక, ఆల్బం కాగితం తునక ఉంటే ధర తగ్గించండి.

పీవీసీ తొడుగులు మాత్రం వద్దు. మన వేడికి అవి చెమర్చి కార్డును పట్టుకుంటాయి. పాలిప్రొపిలీన్ లేదా పాలిస్టర్ తొడుగులు కొనండి. బయటి గోడకు ఆనిన అల్మరాలో పెట్టకండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో సిలికా జెల్ సంచులు తరచూ మార్చండి.

ప్రశ్న: మన కుక్కల స్టాంపులు ‘అరుదైనవి’ అంటూ పెద్ద ధర చెబుతున్నారు. కొనొచ్చా? (అంబత్తూర్)

జవాబు: అరుదైనవి కావు. తపాలా శాఖ 2005 జనవరి 9న నాలుగు విడుదల చేసింది: హిమాలయన్ షీప్ డాగ్, రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్ 5 రూపాయలవి, రాజపాళయం 15 రూపాయలది. రాజపాళయం రాజులు ఇంట్లో తెలుగే మాట్లాడతారు కాబట్టి ఆ కుక్క మీద మనవారికి మక్కువ ఉండటం సహజం. అయినా మక్కువకు వేరే ధర ఉండకూడదు. వెనక జిగురు చెదరకుండా ఉన్న నాలుగింటినీ కలిపి తీసుకోండి. విడివిడిగా ఏరితే ఖర్చెక్కువ.

ప్రశ్న: కుక్క తల చెక్కిన పాత చేతికర్ర పిడి, ‘ఎముక’ అంటున్నారు. పాడొచ్చా? (వేళచ్చేరి)

జవాబు: కోసిన వైపు దగ్గరి ఫొటో అడగండి. ఏనుగు దంతమైతే ఒకదాన్నొకటి ఖండించుకునే వంపు గీతలు కనిపిస్తాయి. ఎముకలో సన్నటి నల్ల చుక్కలు, గాట్లు ఉంటాయి. దంతం వ్యాపారం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషిద్ధం. ఆఫ్రికా ఏనుగుదైనా, ఎంత పాతదైనా కస్టమ్స్‌లో చిక్కే. ఫొటో పంపకపోతే వదిలేయండి.