గోడకంటించిన కాగితం డ్యూటీ చెయ్యదు

అమ్మణ్ణీ,

నువ్వు పలమనేరు పక్కన పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసరుగా చేరినావని మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. ఆ వెనకే నీ పీడీఎఫ్‌లు వచ్చినాయి. బీపీకి ఒకటి, షుగరుకి ఒకటి, పాముకాటుకి ఒకటి, పిల్లల విరేచనాలకి ఒకటి. "అత్తా, ఈ గైడ్‌లైన్లన్నీ మా ఆస్పత్రిలో అమలు చెయ్యాల, ఎట్ల మొదలుపెట్టేది?" అని అడిగినావు. డాక్టరమ్మవి నువ్వు, నర్సుగా రిటైరైన దాన్ని నేను. మందుల సంగతి నీకు నేను చెప్పేదేం లేదు. అయితే ఆ కాగితాల్లోది పనిలోకి దిగేది వార్డులో, ఫార్మసీ కిటికీ దగ్గర. ఆ రెండు చోట్లా నేను చూసినంత నువ్వింకా చూడలేదు కాబట్టి రాస్తున్నా.

అన్నీ ఒక్కసారిగా ఎత్తుకోవద్దు. ముందు పాముకాటు పట్టుకో. 2030 కల్లా పాముకాటు చావుల్ని సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో ప్లాను కూడా పెట్టింది. ఆ ప్లాను నీ దగ్గర ఎక్కడ ఆగుతుందో తెలుసా? ఒక గాజు ట్యూబు దగ్గర.

2 మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు ట్యూబులో పోసి, 20 నిమిషాలు కదిలించకుండా పెట్టి, ఆమీట వంచి గడ్డ కట్టిందో లేదో చూడమంటుంది గైడ్‌లైన్. కట్టకపోతే రక్తపింజర విషం ఎక్కినట్టు. చదవడానికి అర నిమిషం పట్టదు. ఇప్పుడు లేచిపోయి మీ ల్యాబులో గాజు ట్యూబు ఎక్కడుందో చూడు. ప్లాస్టిక్‌వి ఉంటాయి, వాటిలో మంచి రక్తం కూడా సరిగ్గా గడ్డ కట్టదు. గాజుది దొరికినా సబ్బుపొడితో తోమి బోర్లించి ఉంటారు. సబ్బు అంటిన ట్యూబులోనూ అంతే. నువ్వేమో విషం ఎక్కిందనుకుని యాంటీవీనం, అదే విషానికి విరుగుడు మందు, మొదలుపెడతావు. అందుకని కొత్త గాజు ట్యూబులు తెప్పించు. ఇండెంట్ పెట్టినా రాకపోతే ఆస్పత్రి డెవలప్‌మెంట్ సొసైటీ డబ్బుల్లో కొనెయ్, పెద్ద ఖర్చేం కాదు. అనుమానమొస్తే వెంట వచ్చినోళ్ల రక్తం కూడా అట్లాంటి ఇంకో ట్యూబులో తీసి పక్కన నిలబెట్టు. అది గడ్డ కట్టి ఇది కట్టకపోతే తేలిపోతుంది.

ట్యూబు, సిరంజి, గడియారం, 10 వయల్స్ యాంటీవీనం, సెలైను, అడ్రినలిన్, అన్నీ ఒకే ట్రేలో ఉండాల. తాళంచెవి ఫార్మసిస్టు ఇంట్లో ఉండకూడదు. టెస్ట్ డోసు వద్దని గైడ్‌లైన్ చెప్తున్నా పాత సిస్టర్లు అలవాటు కొద్దీ వేస్తారు, మాన్పించు. పిల్లోళ్లకి వయల్స్ తగ్గిస్తారు, అదీ భయంతోనే. బిడ్డ చిన్నోడని పాము విషం తక్కువ వదల్దు గదా! మొదటి డోసు పెద్దోళ్లకైనా పిల్లోళ్లకైనా 10 వయల్సే.

కట్లపాముతో ఇంకో తంటా. దాని కాటుకి ట్యూబులో రక్తం చక్కగా గడ్డ కడుతుంది. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లారి కడుపునొప్పని వస్తాడు, ఒంటి మీద గాటు కూడా కనబడదు. కంటి రెప్పలు చూడమని నైటు సిస్టరుకి నేర్పు. రెప్పలు వాలుతుంటే మందు మొదలుపెట్టి, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగు పట్టే మనిషిని తోడిచ్చి పంపాల. ఊరికే 108 ఎక్కించి చిత్తూరు తోలితే మొగిలి ఘాటు దిగే లోపలే ఊపిరి ఆగొచ్చు. నువ్వు లేని రాత్రి కూడా ఇదంతా సాగితేనే గైడ్‌లైన్ అమలైనట్టు. ఒకసారి ఉత్తుత్తి కేసు పెట్టి అందరి చేతా చేయించి చూడు. ఏ వస్తువు దొరకలేదో దాన్ని రాసుకో, ఎవరు తడబడినారో రాసుకోవద్దు.

అది కుదురుకున్నాక బీపీ. రిజిస్టరు తెరువు. 120/80, 130/80, 140/90... అన్నీ సున్నాతోనే ముగుస్తుంటే అవి మిషన్ చెప్పిన అంకెలు కావు. డిజిటల్ మిషన్ 137 అంటుంది, 142 అంటుంది, పదింట్లో సుమారు ఒకటే సున్నాతో వస్తుంది. 140 దగ్గరే మందు మొదలుపెట్టేదీ లేనిదీ తేలేది కాబట్టి ఈ రవంత తేడా చిన్నది కాదు. అట్లని సిస్టరును తిట్టొద్దు. వాకిట్లో అంత క్యూ ఉంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఓపీ చీటీ రాసే చోట వీపు ఆనేట్టు ఒక బెంచీ వేయించు. చీటీ అయ్యేసరికి 5 నిమిషాలు కూర్చున్నట్టే. చెయ్యి టేబుల్ మీద, కాళ్లు నేల మీద, నోరు మూసుకుని. మనోళ్లు సరిగ్గా పట్టీ బిగించినప్పుడే కోడలి సంగతి ఎత్తుతారు, నవ్వుతూ ఆపు.

ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు, నెల తర్వాత చూసి తగ్గకపోతే టెల్మిసార్టాన్ 40 చేర్చడం, ఇదంతా నీకు తెలిసిందే. ఫార్మసిస్టు పది రోజుల మాత్రలే ఇస్తున్నాడేమో చూడు. మూడుసార్లు కూలి పోగొట్టుకుని ఎవురొస్తారు? 30 మాత్రలు ఒకేసారి ఇప్పించు. ఆయన నీకంటే పెద్దోడైతే "అన్నా" అని పిలిచి గదిలో చెప్పు, పేషెంట్ల ముందర వద్దు.

కాగితంలో ఉన్నది కొందరికి పనికిరాదు. కడుపుతో ఉన్న ఆమెకి టెల్మిసార్టాన్ ఇయ్యకూడదు. లేస్తే కళ్లు తిరిగే ముసలాయనకి డోసు పెంచేముందు ఆలోచించాల. గైడ్‌లైన్ దాటినప్పుడు ఎందుకు దాటినావో చీటీలో ఒక్క ముక్క రాయి, తర్వాత చూసే డాక్టరుకి తెలియాలి గదా.

విరేచనాలది సులభమే. ఓఆర్‌ఎస్‌తో పాటు జింకు 14 రోజులు. మూడో రోజు ఆగిపోతూనే తల్లులు మానేస్తారు, అందుకని మొదటి మాత్ర నీ ఎదురుగానే స్పూన్లో కరిగించి తాగించమను. సూదెయ్యమని పట్టుబడతారు, పట్టుబడనీ.

పుత్తూరు కట్టు సంగతి నీ పీడీఎఫ్‌లలో ఉండదు. చెయ్యి విరిగితే మనోళ్లు నీ మాట వినకుండా పుత్తూరు బస్సెక్కుతారు. కసరొద్దు, కసిరితే మళ్లీ నీ దగ్గరికి రారు. పోయే ముందు నువ్వొకసారి చూడు. ఎముక బయటికొచ్చినా, వేళ్లు చల్లబడినా తిరుపతి రుయా ఆస్పత్రికి పంపు. మిగతావాళ్లకి, కట్టు కట్టినాక వేళ్లు నల్లబడితే, తిమ్మిరెక్కితే, నొప్పి పెరుగుతుంటే ఆ రాత్రే కట్టు విప్పించుకుని రమ్మని చెప్పి పంపు.

ట్యూబులు వచ్చినాక ఫోన్ చెయ్యి.

మీ అత్త
చిత్తూరు