మధ్యధరా తీరపు పాతకాలపు హోటళ్ల గురించి మేనకోడలికి మామయ్య లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలిని మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మే నెలలో అక్కయ్యనూ బావగారినీ వెంటబెట్టుకొని నువ్వూ అల్లుడుగారూ ఇటలీ, స్పెయిన్ వెళ్లాలనుకోవడం, అందులోనూ పాత మఠాల్లో, రాజభవనాల్లో బస చేయాలనుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. నువ్వు పంపిన హోటళ్ల జాబితాను తీరిగ్గా చదివాను. అన్నీ పేరు మోసినవే. అయితే ఎన్నో ఏళ్లు ప్రయాణికులకు బస ఏర్పాట్లు చేసినవాడిగా నేను అన్నిటికన్నా ముందు చెప్పేది ఒకటుంది: హోటల్ పేరునో, ముఖద్వారం ఫొటోనో చూసి డబ్బు కట్టవద్దు, మీరు నలుగురూ రాత్రి పడుకోబోయే గది ఏ భవనంలో, ఏ భాగంలో, ఎన్నో అంతస్తులో ఉందో తేల్చుకున్న తరువాతే కట్టండి.

వందల ఏళ్ల నాటి భవనం హోటల్‌గా మారినప్పుడు అందులో వ్యాపారానికి సరిపడినన్ని గదులు ఉండవు. అందుకని పక్క భవనాన్ని కొని కలుపుకుంటారు, లేదా వెనుక కొత్త భాగం కడతారు. పేరు మాత్రం అన్నిటికీ ఒక్కటే ఉంటుంది. వెనిస్‌లో డానియెలీ హోటల్‌నే తీసుకో. దాని గుండెకాయ పద్నాలుగో శతాబ్దపు దాందోలో భవనం, అది 1822లో హోటల్ అయింది. తరువాతి కాలంలో పందొమ్మిదో శతాబ్దపు భవనం ఒకటి, 1940లలో కట్టినది మరొకటి దానితో కలిశాయి. ప్రకటనల్లో కనిపించే ఆ బంగారు పూత మెట్ల హాలు దాందోలో భవనంలోనిది. మూడో భవనంలో గది దొరికినవారు ఆ హాలును కళ్లారా చూస్తారు, కాఫీ తాగుతారు, కానీ నిద్రపోయేది మన తాతల కాలపు కట్టడంలో. సిసిలీలోని తావోర్మినాలో సాన్ డొమెనికో హోటల్‌ది కూడా ఇలాంటి సంగతే. అది డొమినికన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసుల మఠం. 1896లో హోటల్‌గా మారినప్పుడు ఆనాటి సంపన్న యాత్రికుల కోసం వేరే భాగాన్ని జోడించారు. మఠం వైపు గదులు సన్యాసులు నివసించిన గదుల నుంచి తయారైనవి, రెండో భాగానిది పూర్తిగా వేరే స్వభావం. మన ఫలక్‌నుమాలో కూడా నిజాం కాలపు దర్బారు గదులు వేరు, అతిథులకు ఇచ్చే గదులున్న భాగం వేరు అన్నది నీకు తెలిసినదే.

కొత్త భాగంలో గది తీసుకోవడం తప్పని నా ఉద్దేశం కాదు. అక్కయ్య మోకాళ్ల సంగతి తలచుకుంటే మీకు ఒక్కోచోట అదే మేలు కావచ్చు. తెలిసి ఎంచుకోవడం వేరు, అక్కడికి వెళ్లాక తెలుసుకోవడం వేరు.

హోటళ్లకు ఇచ్చే నక్షత్రాల (స్టార్ల) విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇటలీలో నక్షత్రాలను నిర్ణయించేది ఆయా ప్రాంతీయ ప్రభుత్వాల నియమాలు. గదుల కొలతలు, సిబ్బంది అందుబాటులో ఉండే వేళలు, ఉన్న సౌకర్యాలు వాటికి కొలమానం. కట్టడం వయసుకూ, అందానికీ అందులో చోటు లేదు. అందువల్ల నిన్న మొన్న కట్టిన అద్దాల భవనానికి అయిదు నక్షత్రాలు ఉండవచ్చు, అయిదు వందల ఏళ్ల భవనానికి నాలుగే ఉండవచ్చు. ఫ్రాన్స్‌లో మాత్రం అయిదు నక్షత్రాల హోటళ్లలో అసాధారణమైన వాటికి ‘పాలస్’ అనే ప్రత్యేక గుర్తింపును 2010లో ప్రవేశపెట్టారు. మీరు అటు వెళ్లడం లేదు కనుక దాని జోలికి పోను.

ఇక మెట్ల సంగతి. దీనిమీద ఎక్కువ రాస్తున్నానని విసుక్కోకు. రక్షిత కట్టడంలో ప్రభుత్వ అనుమతి లేకుండా ఒక గోడను కూడా పగలగొట్టలేరు; అందుకే కొన్నిచోట్ల లిఫ్టు ఉండదు, ఉన్నా రెండో అంతస్తు వరకే వెళ్తుంది, లేదా లిఫ్టు దిగాక ఇంకో ఏడెనిమిది మెట్లు మిగిలి ఉంటాయి. స్నానాల గదిలో షవర్ లేకుండా ఎత్తైన తొట్టి మాత్రమే ఉండవచ్చు. అక్కయ్య ఆ అంచు దాటి కాలు లోపల పెట్టడం ఎంత ప్రమాదమో నీకు వేరే చెప్పనవసరం లేదు. కాబట్టి “లిఫ్టు ఉందా” అని అడిగి ఊరుకోకుండా, “వీధి నుంచి మా గది తలుపు వరకు మొత్తం ఎన్ని మెట్లు ఎక్కాలి, స్నానానికి నేల మట్టంలో షవర్ ఉందా” అని అడుగు. ఈ ప్రశ్నకు అంకెతో జవాబు రాసే హోటల్‌ను నమ్మవచ్చు. “అతిథులకు ఎలాంటి ఇబ్బందీ ఉండదు” అని రాసి వదిలేస్తే మళ్లీ అడగాలి.

హోటల్ తలుపు దాకా ఎలా చేరతారన్నది కూడా ఇందులో భాగమే. వెనిస్‌లో కార్లు లేవు. పడవ దిగిన చోటు నుంచి హోటల్‌కు మధ్యలో వంతెన ఉంటే సూట్‌కేసులను దాని మెట్ల మీదుగా మోయాలి. కాబట్టి అక్కడ సొంత పడవరేవు ఉన్న హోటల్‌కు కొంత ఎక్కువ పెట్టినా ఆ డబ్బు వృథా కాదు. ఇటలీలోనే అమాల్ఫీ తీరంలో మరో చిక్కుంది. రావెల్లో ఊరు అందమైనదే కానీ సముద్రానికి 350 మీటర్ల పైన కొండమీద ఉంది. పడవ దిగిన తరువాత మెలికల దారిలో బస్సో, టాక్సీయో ఎక్కాలి. బావగారికి ఘాట్ రోడ్డు పడదు కదా. అమాల్ఫీలోనే, పదమూడో శతాబ్దంలో వెలసి తరువాత కపూచిన్ శాఖ సన్యాసుల చేతికి వచ్చిన మఠం ఇప్పుడు హోటల్‌గా ఉంది. అదీ కొండ అంచునే ఉన్నా, రోడ్డు నుంచి పైకి లిఫ్టు ఉంది. నీ జాబితాలో రావెల్లో హోటల్‌కు బదులు దీన్ని చేర్చమని నా సలహా. ఇటలీలో అద్దె కారు తీసుకోవాలని అల్లుడుగారు అనుకుంటే, పాత ఊళ్ల నడిబొడ్డున అనుమతి లేని వాహనాలకు ప్రవేశం నిషిద్ధమనీ, కెమెరాలు చూసి జరిమానా వేస్తాయనీ ముందే చెప్పు.

స్పెయిన్‌లో మీకు నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేసేది పారదోర్‌లను. ఇవి ప్రభుత్వ హోటళ్లు. 1928లో మొదటిది తెరిచారు. కోటలు, మఠాలు, పాత భవనాలు పాడుపడిపోకుండా వాటిని బసలుగా మార్చి కాపాడే పద్ధతి ఇది. వీటిలో గ్రనాడా నగరంలోనిది అల్‌హంబ్రా కోట ప్రాకారం లోపలే ఉంది. అది ఒకప్పటి సాన్ ఫ్రాన్సిస్కో మఠం. 1504లో మరణించిన ఇసబెల్లా రాణిని మొదట ఇక్కడే ఖననం చేశారు, 1521లో ఆమెనూ భర్త ఫెర్డినాండ్ రాజునూ నగరంలోని రాజ ప్రార్థనాలయానికి తరలించారు. పైకప్పు లేని ఆ పాత ప్రార్థనా మందిరంలో, అరబ్బు పద్ధతి నగిషీల కమాను కింద నేలలో పరిచిన స్మారక ఫలకం ఇప్పటికీ ఉంది. పగటి సందర్శకులు వెళ్లిపోయిన తరువాత ఆ ఆవరణలో కూర్చోగలిగే భాగ్యం అక్కడ బస చేసినవారికి దక్కుతుంది, ఎంత ఖరీదైన నగర హోటల్ కూడా దాన్ని ఇవ్వలేదు. అయితే రెండు సంగతులు గుర్తుంచుకో. అక్కడ కూడా పాత భాగం, కొత్త భాగం ఉన్నాయి. బస చేసినంత మాత్రాన అల్‌హంబ్రా కోటలోని నస్రిద్ రాజభవనాల్లోకి ప్రవేశం రాదు. దానికి పేరు, పాస్‌పోర్టు వివరాలతో, నిర్ణీత సమయానికి వేరే టికెట్ కొనాలి, అవి త్వరగా అయిపోతాయి. గది దొరికిన రోజునే ఆ టికెట్ల సంగతి కూడా చూసుకో.

మళ్లీ సిసిలీకి వస్తే, పాలెర్మోలో విల్లా ఇజియా హోటల్ అంత పాతది కాకపోయినా జాబితాలో ఉంచు. సంపన్న ఫ్లోరియో కుటుంబం కోసం వాస్తుశిల్పి ఎర్నెస్టో బాజీలే రూపుదిద్దిన భవనం అది. గోడల నిండా చిత్రాలున్న హాలు ఆ భవనం రూపుదిద్దుకున్న నాటి కళాభిరుచిని అలాగే నిలుపుకుంది.

భోజనం గురించి నీకు దిగులుగా ఉందని రాశావు. అల్పాహారం కలిసిన ధరకే గది తీసుకో, పెద్దవాళ్లకు ఉదయం కడుపు నిండితే మిగతా రోజు తేలిక. సిసిలీలో వంకాయలతో చేసే కపొనాతా, వంకాయ ముక్కలు వేసిన పాస్తా అక్కయ్యకు నచ్చుతాయి. అయితే పార్మిజాన్ వంటి కొన్ని చీజ్‌లలో దూడ కడుపు నుంచి తీసిన పదార్థం వాడతారు. అక్కయ్య పట్టింపు ఎంతవరకో నీకే తెలుసు. స్పెయిన్‌లో కూరగాయల వంటకాల్లో కూడా పంది మాంసపు తునకలు వేయడం కద్దు కాబట్టి “శాకాహారం” అన్న ఒక్క మాట చాలదు. మాంసం, చేప, గుడ్డు, మాంసపు రసం ఏదీ వద్దని విడివిడిగా హోటల్‌కు ముందే రాయి.

మే నెల మంచి నిర్ణయం. తీరంలోని పెద్ద హోటళ్లలో చాలా భాగం చలికాలమంతా మూసే ఉంటాయి, జూలై ఆగస్టుల్లో ఎండ, రద్దీ, ధరలు మూడూ పెరుగుతాయి. వీసా వచ్చేదాకా, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి ఇచ్చే ధరకే గదులు పట్టుకో. తిరిగి ఇవ్వని ధర చవకగా కనిపిస్తుంది కానీ వీసా ఆలస్యమైతే అంతా పోతుంది. ఇటలీ, స్పెయిన్ రెండింటికీ చెల్లే షెంగెన్ వీసాకు ఏ దేశంలో ఎక్కువ రాత్రులు గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి కాబట్టి ఇటలీకెన్ని రాత్రులు, స్పెయిన్‌కెన్ని అన్నది ముందు తేల్చుకోవాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ఇటలీలో తలకు, రాత్రికి ఇంత అని బస పన్ను హోటల్లో విడిగా కట్టాలి, ఆ మేరకు చేతిలో ఉంచుకోండి.

ఈ వారంలోనే ఒక్కో హోటల్‌కు నేరుగా ఉత్తరం రాసి, భవనం, అంతస్తు, మెట్లు, షవర్, రెండు గదులూ పక్కపక్కనే ఇవ్వగలరా అన్న విషయాలు అడుగు. సముద్రం కనిపించే గది అంటే కిటికీ ఎదురుగానా, పక్కకు వంగి చూస్తేనా అనీ, మీరు వెళ్లే వారాల్లో మరమ్మతులు ఏమైనా జరుగుతాయా అనీ కూడా కనుక్కో. జవాబులన్నీ వచ్చాక నాకు పంపు. గ్రనాడా గది ఖాయమైతే మిగతా తేదీలను దానికి అనుగుణంగా అమర్చుదాం. విమానం టికెట్లు ఆ తరువాతే కొనండి.

అక్కయ్యకు, బావగారికి నా నమస్కారాలు. అల్లుడుగారికి ఆశీస్సులు.

ఇట్లు,
మీ మామయ్య