ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీకి వెళ్తున్న పిల్లలకు డబ్బు లెక్క ఎలా నేర్పాలి?

పాలమూరు యూనివర్సిటీలో చేరే కూలీల పిల్లలకు పొదుపు గురించి చెప్పేముందు స్కాలర్‌షిప్ సంగతి చెప్పాలి. తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్‌లో ఆర్‌టీఎఫ్ (ఫీజు రీయింబర్స్‌మెంట్) ట్యూషన్ ఫీజుకు, ఎంటీఎఫ్ (మెయింటెనెన్స్ ఫీజు) మెస్, ఇతర ఖర్చులకు. ఇవి జీతంలా నెలనెలా రావు, ఆలస్యం మామూలే. అందుకే ఎంటీఎఫ్ పడిన రోజే దాన్ని రాబోయే నెలలకు పంచి కాగితం మీద రాయించండి. అది వస్తుందన్న ధీమాతో లోన్ యాప్‌లో అప్పు చేసి చిక్కుకునే పిల్లల్ని చూస్తే నిజంగా బాధేస్తుంది.

స్కాలర్‌షిప్ పడే బ్యాంకు ఖాతా ఆధార్‌తో లింకై ఉండాలి. బేసిక్ సేవింగ్స్ ఖాతా అయితే మినిమమ్ బ్యాలెన్స్ గొడవ ఉండదు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదని గట్టిగా చెప్పండి.

ఇంటికి పంపుతానంటే వద్దనకండి, అమ్మానాన్నల కష్టం వాళ్లకు తెలుసు. మెస్ బిల్లు పక్కన పెట్టాక పంపమనండి. ఇవన్నీ వాళ్లుండే హాస్టల్ సీనియర్ చెబితే ఇంకా బాగా వింటారు.