ప్లేటు తిప్పే వేళ

కడప

చిరంజీవి తమ్ముడికి,

ఇంగ్లండు గాయకుడు నిక్ డ్రేక్ పాటలు మళ్లీ వినైల్ ప్లేట్లుగా రావడం గురించి నువ్వు అనంతపురం నుంచి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ పాటల మీద నీ ప్రేమ ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అయితే 'విషాదం' అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది. ఎనిమిది కొట్టెయ్. ఆయన 1974లో 26 ఏళ్లకే పోయాడని మొదటి వాక్యంలోనే చెప్పేశావు. ఇక చదివేవారికి పాట వినిపించదు, చావే కనిపిస్తుంది. ఆ సంగతి వెనక్కు జరుపు. బతికుండగా ఆయన తెచ్చిన మూడు ఆల్బములనూ కొన్నవాళ్లు చాలా తక్కువ. అయినా 1979లో మూడింటినీ ఒక పెట్టెలో పెట్టి మళ్లీ వేశారు. అమ్ముడుపోని పాటలను మళ్లీ వేయడానికి పూనుకున్నారే, నీ వ్యాసానికి ఆయువుపట్టు అది.

ఆ మూడింటిలో చివరిదైన 'పింక్ మూన్' 1971 అక్టోబరులో లండన్‌లో రెండు రాత్రుల్లో రికార్డయింది. స్టూడియోలో ఆయన, ఇంజనీరు జాన్ వుడ్. ఒక గొంతు, ఒక గిటారు. మొదటి పాటలో మాత్రం కాస్త పియానో. పదకొండు పాటలూ కలిపి 28 నిమిషాలు. ఇదంతా నీ నాలుగో పుటలో ముడుచుకుని కూర్చుంది. ముందుకు తీసుకురా.

ఇలాంటి పాటను ప్లేటు మీదికి ఎక్కించడం ఎందుకు కష్టమో నువ్వు రాయనేలేదు. వాద్యాలు హోరెత్తే పాటలో చిన్న చిటపట కలిసిపోతుంది. ఇక్కడ తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా వినిపిస్తుంది కనుక గాడిలో దుమ్ము రేణువు పడినా దాగదు. టేపు నుంచి గాడి కోసేవారు, ప్లేటు అచ్చొత్తేవారు ఆ నిశ్శబ్దాన్ని కాపాడాలి. ప్లేటు నడుమకు పోయేకొద్దీ ధ్వని నలుగుతుంది. ఒక్కో వైపు దాదాపు పావుగంటే కాబట్టి ముల్లు అంత లోపలికి పోనక్కర్లేదు.

ఈ జాగ్రత్త నేను చిన్నప్పుడే చూశాను. ప్రొద్దుటూరులో మా మేనమామ ఇంట్లో తాళం తిప్పే గ్రామఫోను ఉండేది. పాత ముల్లు గాడిని తినేస్తుందని ఆయన ప్రతి పాటకూ ఉక్కు ముల్లు మార్చేవాడు. ప్లేటును అంచులతో ఎత్తి, మెత్తని గుడ్డతో గాడి వెంబడే తుడిచి, ఊపిరి బిగబట్టి ముల్లు దించేవాడు. పాటకు ముందు వచ్చే బరబర చప్పుడుకే పిల్లలందరం నోళ్లు మూసుకునేవాళ్లం. ఆ మూడు నిమిషాలూ అత్త వంటింట్లో గిన్నె కదిపేది కాదు.

బ్రహ్మంగారి మఠం దారిలో తంబుర మీద తత్వాలు పాడేవాళ్లతో నిక్ డ్రేక్‌ను పోల్చావు. తీసెయ్. తత్వం పదిమందిని పిలిచి చెప్పేది. ఈయన ఎవరినీ పిలవడు.

వచ్చే ఆదివారం ప్లేటు తీసుకుని రా, రాత్రికి ఉండేలా రా. ఫ్యాను ఆపి వినగలిగే వేళ కడపలో అదే. మొదటి వైపు అయిపోయాక నువ్వే లేచి తిప్పు. లేచి తిప్పేలోగా గదిలో ఏం వినిపించిందో రాసుకో. వ్యాసం అక్కడి నుంచి మొదలుపెడదాం.

ఆశీస్సులతో,
అన్న